వేట నిషేధానికి ముందు, తూపిలిపాళెం నుంచి సముద్రంలోకి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా చేపల వేట బంద్. మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరపడవలూ, ఇంజను బిగించిన బోట్లూ ఒడ్డున ఉండాల్సిందే. మేము వాకాడు దగ్గరి తూపిలిపాళెం వెళ్లింది దానికి ముందు వారంలో. సీజన్ చివర్లో చేప తక్కువని బోటు అన్న ఫోన్లోనే చెప్పేశాడు. "ఇప్పుడొస్తే సముద్రం బాగుంటాది, చేప బాగుండదు. చేప కావాలంటే జూన్‌లో రండి, అప్పుడు సముద్రం బాగుండదు" అన్నాడు. రెండింట్లో ఒకటే దొరుకుతుందంటే సముద్రమే బాగుండాలని తీర్మానించుకున్నాం. మా నలుగురిలో ఇద్దరికి ఈత రాదు మరి.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు చిన్నప్పటినుంచి సముద్రమంటే చెన్నై మెరీనా, అది కాకపోతే నెల్లూరు పక్కన మైపాడు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపు మండలాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. అట్లా కొండ కింది జిల్లాకు ఉన్నట్టుండి సముద్రం వచ్చింది, పులికాట్ సరస్సు వచ్చింది, శ్రీహరికోట కూడా వచ్చింది. నిజానికి మాకూ ఆ తీరానికీ పాత చుట్టరికమే ఉంది. తిరుచానూరు దగ్గర ఎప్పుడు చూసినా ఇసుక తప్ప నీళ్లు కనిపించని మా స్వర్ణముఖి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోయి వాకాడు దాటాక సముద్రంలో కలుస్తుంది.

బోటు అన్న దొరికింది మా బావ పుణ్యాన. బావ రొయ్యల మేత అమ్మే పని మీద కోట, వాకాడు చుట్టూ తిరుగుతుంటాడు. ఆ పరిచయంతోనే అన్న మమ్మల్ని ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నాడు. మిగతా ఇద్దరిలో ఒకరు బళ్లో సైన్సు చెప్పే మాస్టారు, ఇంకొకడు మా వీధిలో మెడికల్ షాపు నడిపే తమ్ముడు. మాస్టారికి గాలం పిచ్చి. సెలవు రోజు వస్తే ఏదో ఒక చెరువు గట్టు మీద ఉంటాడు. సముద్రంలో వాడే రాడ్డు, రీలు ఆన్‌లైన్లో తెప్పించి, వాడే చోటు లేక బీరువా మీద పెట్టుకున్నాడు. ఈ ప్రయాణం సగం ఆ రాడ్డు కోసమే.

బోటు ఎక్కడమంటే డబ్బులిచ్చి కూర్చోవడం అనుకున్నాం. అంత సులువు కాదు. బోటుకు రిజిస్ట్రేషన్ నంబరు, లైసెన్సు ఉండాలి. ఎక్కేవాళ్ల ఆధార్ జిరాక్సులు అన్న ముందే తెప్పించుకుని మెరైన్ పోలీసులకు చెప్పిపెట్టాడు. అంతకంటే ముఖ్యంగా ఊరి కాపులకు చెప్పుకున్నాడు. ఆ తీరంలో పట్టపు మత్స్యకారుల ఊళ్లలో పెద్దలను కాపులంటారు. వాళ్లు వేసే దురాయికి, అంటే ఊరి కట్టుకు, తిరుగుండదు. బయటివాళ్లను ఎక్కించుకుంటున్నా, ఫలానా రోజు, ఫలానా టైముకు వచ్చేస్తా అని చెప్పి రావాల్సిందే. ఏదైనా అయితే వెతకడానికి ముందు బయల్దేరేది ఆ ఊరివాళ్లే కాబట్టి ఆ పద్ధతి నాకు చాలా సబబుగా అనిపించింది.

లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం కొంచెం పేచీ పడింది. అన్న బోటులో ఉన్నవి చాలవు. "మాకెందుకు, మీరేసుకోండి" అన్నాడు. బావ ఒప్పుకోలేదు. అందరికీ ఉంటేనే వస్తామన్నాడు. చివరికి పక్క బోటు నుంచి తెచ్చారు. అన్న మాత్రం తనదాన్ని మడిచి కింద వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

రాత్రి పన్నెండు తర్వాత తిరుపతిలో బయల్దేరాం. నాయుడుపేట దాకా రోడ్డు గురించి చెప్పడానికి ఏమీ లేదు. అక్కడ టీ తాగి మెయిన్ రోడ్డు వదిలి మల్లాం వైపు తిరిగాక ఊళ్లు చిన్నవయ్యాయి. వాకాడు దగ్గర పడుతుంటే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటి మీద వరసగా బల్బులు, నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్న ఏరేటర్ల చప్పుడు. ఆ టైములో ఆ తీరంలో మెలకువగా ఉండేది గుంట కాపలావాళ్లూ వేటకు పోయేవాళ్లే.

నాయుడుపేటలో టీతో పాటు తమ్ముడు అందరికీ తలా ఒక అవోమిన్ మాత్ర పంచాడు. వాంతులు రాకుండా బోటెక్కే ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే వస్తుంది అని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఖాళీ కడుపుతో వద్దు, నూనె తిండి వద్దు, ఇడ్లీ చాలు అన్నాడు. అన్నీ సరైన మాటలే.

తూపిలిపాళెం చేరేసరికి ఒడ్డున పది పదిహేను బోట్ల దగ్గర టార్చిలైట్లు కదులుతున్నాయి. అన్నది ఫైబర్ బోటు, వెనక పది హార్స్‌పవర్ ఇంజను. అన్నతో పాటు వాళ్ల తమ్ముడి కొడుకు, పద్దెనిమిదేళ్ల పిల్లోడు, వస్తాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది తమిళం కలిసిన తెలుగు. చిత్తూరు వైపు వాళ్లం కాబట్టి మాకు అందులో పెద్దగా తప్పిపోయేదేమీ లేదు. అది తెలియక మొదట మా గురించి కొన్ని మాటలు అనుకున్నారు. మాస్టారు తమిళంలోనే జవాబు చెప్పేసరికి పిల్లోడు నాలుక కరుచుకున్నాడు.

ఇక్కడ జెట్టీ లేదు. ఇసుక మీదనుంచే బోటును నీళ్లలోకి తొయ్యాలి. భుజం ఆనించి, "ఐలేసా" అన్నప్పుడల్లా అందరం ఒక్కసారిగా తోస్తే రెండడుగులు కదులుతుంది. ముందు భాగం నీళ్లు తాకాక అన్న చెయ్యెత్తి ఆపాడు. ఒడ్డు అలలు ఒకే రకంగా రావు. కొన్ని పెద్దవి వరసగా వచ్చి, ఆ తర్వాత కొంచెంసేపు చిన్నవి వస్తాయి. ఆ సందులోనే దాటాలి. చీకట్లో అల కనిపించదు, విరిగినప్పుడు తెల్లటి గీత మాత్రం కనిపిస్తుంది. అన్న దాన్నే చూస్తూ "ఇది పోనీ... ఇదీ పోనీ..." అంటున్నాడు. మాకు టెన్షన్. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి బోటు అంచు పట్టుకుని ఉన్నాం. ఒక్కసారిగా "ఎక్కండి, ఎక్కండి!" అని అరిచాడు. ఎవరు ఎట్లా ఎక్కామో గుర్తులేదు. పిల్లోడు వెదురు గడతో తోశాడు, అన్న ఇంజను దించి తాడు లాగాడు. మొదటి లాగుకు రాలేదు, రెండో లాగుకు వచ్చింది. ముందున్న అల బోటును పైకెత్తి కింద పడేసింది. నెత్తి మీదనుంచి నీళ్లు. తర్వాతి అల విరగకముందే దాని మీదికెక్కేశాం. అంతే, ఆ తర్వాత సముద్రం ఉన్నట్టుండి చదునైపోయింది. అన్న వెనక్కి తిరిగి ఒడ్డుకు ఒక దండం పెట్టి "గంగమ్మ తల్లీ" అన్నాడు. మా తిరుపతి గంగమ్మ జాతర గురించి ఆయనకు బాగా తెలుసు. జాతర మేలో, వేట లేని రోజుల్లోనే వస్తుంది కాబట్టి వీలైన ఏడు వాళ్లింట్లో ఎవరో ఒకరు వస్తుంటారట.

దక్షిణాన ఆర్మగాం లైట్‌హౌస్ వెలుగు ఆగి ఆగి తిరుగుతోంది. మాస్టారు ఊరుకోలేక చరిత్ర ఎత్తుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు మద్రాసుకు పోకముందు కోఠీ, అంటే సరుకుల వ్యాపార స్థావరం, పెట్టుకున్నది ఇక్కడ దుగరాజపట్నంలోనే, 1639లో మద్రాసులో స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు ఇక్కడ పనిచేసినవాడే అని చెప్పుకొచ్చాడు. అన్న అంతా విని, "అదంతా సరే సార్, పోర్టు వస్తాదంటారా?" అన్నాడు. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నం పోర్టు అని రాసి ఉంది. అప్పటినుంచి అక్కడివాళ్లు బయటినుంచి ఎవరొచ్చినా అడిగే ప్రశ్న అది. మాస్టారి దగ్గర జవాబు లేదు.

అర్ధగంట పోయాక ఇంజను తగ్గించి ముందు వల వేశారు. సీసం గుండ్లు కింద, బెండ్లు పైన, మధ్యలో కంటికి ఆనని సన్నటి నైలాను. పిల్లోడు చేతి మీదుగా వల జారుతుంటే అన్న బోటును నడక వేగంతో పోనిచ్చాడు. చివర మినుకుమినుకుమనే లైటు కట్టిన జెండా. వల నీటి పారకాన్ని బట్టి తేలుతూ పోతుంది, బోటు దాని కొసకే కట్టేసి ఉంటుంది. ఇంక చేసేది ఏమీ లేదు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. బోటు ముందుకు పోతున్నంతసేపు బాగానే ఉంది. ఆగాక ఒక పక్కకు ఒరుగుతుంది, లేస్తుంది, ఇంకో పక్కకు ఒరుగుతుంది. ఇంజను నూనె వాసన ఒకటి. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చుంటే ఉండే బాధ ఇది. కాకపోతే ఘాట్ రోడ్డు ముప్పావు గంటలో అయిపోతుంది. మొదట పోయింది మాత్రలు పంచిన తమ్ముడే. బోటు అంచు పట్టుకుని నాయుడుపేట టీతో సహా అప్పజెప్పాడు. అన్న నవ్వకుండా, "మంచిదే, చేపలకు మేత" అన్నాడు. తర్వాత వాడిని మధ్యలో, కిందుగా కూర్చోబెట్టి, తెల్లారుతుంటే దూరంగా ఆకాశం నీళ్లు కలిసే గీతనే చూడమన్నాడు. దగ్గరగా ఏదీ చూడకూడదు, ముఖ్యంగా ఫోను. కాసేపటికి మాత్ర మత్తు ఎక్కి, వాడు ఐసు పెట్టెకు ఆనుకుని నిద్రపోయాడు. చాలాసేపు లేవలేదు.

తూర్పున వెలుగు వచ్చాక వల లాగడం మొదలుపెట్టారు. చేతులకు గ్లవ్స్ ఏమీ లేవు. వేళ్లకు సైకిలు ట్యూబు ముక్కలు తొడుక్కున్నారు. మొదటి యాభై అడుగుల్లో నీళ్లూ నాచూ తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఒక కానాగంత, ఇంకొంత దూరానికి రెండు, ఆ తర్వాత ఒకే చోట గుంపుగా. వలలో ఇరుక్కున్న కానాగంతను తియ్యడం నేను కూడా ప్రయత్నించాను. తల దగ్గర మొప్పల్లోకి నైలాను దిగి ఉంటుంది. వెనక్కి లాగితే రాదు, ముందుకే తొయ్యాలి. పిల్లోడు ఒక్కోదానికి రెండు సెకన్లు. నేను ఒక్కదాన్ని తీసేసరికి వాడి బుట్టలో అడుగు నిండింది. కానాగంత వీపు మీద పచ్చటి నీలపు చారలు ఉంటాయి కదా, బతికున్నప్పుడు అవి మెరుస్తుంటాయి. మనం మార్కెట్లో చూసేటప్పటికి ఆ రంగు పోయి ఉంటుంది.

మధ్యలో వలతో పాటు నల్లటి చారలున్న పాము ఒకటి పైకొచ్చింది. తోక బల్లపరుపుగా, తెడ్డు ఆకారంలో ఉంది. సముద్రపు పాముల విషం నాగుపాముకు తీసిపోదు. మేము ముగ్గురం ఒక్కసారిగా ఒక పక్కకు జరిగేసరికి బోటు ఒరిగింది. అప్పుడు మాత్రం అన్న గట్టిగా అరిచాడు. పామును చూసి కాదు, మమ్మల్ని చూసి. "యాడుండేవాళ్లు ఆడ్నే కూర్చోండి!" పిల్లోడు ఆ వల ముక్కను నీళ్ల మీదికి పట్టి రెండుసార్లు విదిలించాడు. పాము దాని దోవన అది పోయింది.

దూరంగా పెద్ద బోట్లు కనిపిస్తుంటే అన్న ముఖం మారింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు చిన్న బోట్లవాళ్లకే వదిలెయ్యాలని మన రాష్ట్రంలో 1994 నుంచి చట్టం ఉంది. మరపడవలు ఆ లోపలికి రాకూడదు. రాత్రిపూట వచ్చి అడుగుదాకా ఊడ్చుకుపోతారని, అడ్డమున్న చిన్న వలలు తెగిపోతాయని, తెగిన వలకు డబ్బులిచ్చేవాడు లేడని అన్న చెప్పాడు. చెప్పేటప్పుడు కోపం కంటే విసుగే ఎక్కువ వినిపించింది.

వల పైకి వచ్చాక ఇంకా లోపలికి పోదామా అని మాస్టారు అడిగాడు. అన్న ఫోను తీసి ఒక మెసేజ్ చూపించాడు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది. చేపలు దొరికే అవకాశమున్న చోటు ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతులో ఉందో వాళ్లు పంపిస్తారు. శాటిలైట్ నుంచి నీటి పైభాగపు వేడి, రంగు చూస్తారు. కంటికి కనిపించని నాచు ఎక్కువున్న చోటికి చిన్న చేపలు చేరతాయి, వాటి వెనక పెద్దవి వస్తాయి. ఇది మాస్టారి సబ్జెక్టు కాబట్టి ఆయనే విడమరిచి చెప్పాడు. అట్లాంటి పనికే ఓషన్‌శాట్-3 అనే ఉపగ్రహం 2022 నవంబర్ 26న మన శ్రీహరికోట నుంచే పైకి పోయిందన్నాడు. అన్నకు మాత్రం రాకెట్ అంటే గుర్తొచ్చేది వేరు. "రాకెట్ రోజు మమ్మల్ని లోపలికి పోనియ్యరు సార్. ఆ రోజు కూలి పాయె." ఈ మెసేజ్‌లు పనికొస్తాయా అని అడిగితే, "పనికొస్తాయి. కానీ చేప మెసేజ్ చదవదు కదా, మనం పొయ్యేసరికి ఉండాలని ఏముంది" అన్నాడు. అయినా ఆ దిక్కుకే తిప్పాడు.

ఇప్పుడు మాస్టారి వంతు. బోటు నెమ్మదిగా పోతుంటే వెనక మెరిసే ఇనప చేపను లాక్కుంటూ పోవాలి. దాన్ని చిన్న చేప అనుకుని వంజరం మింగుతుంది. గాలానికీ తాడుకీ మధ్య జానెడు ఇనప తీగె ఉండాలి, లేకపోతే వంజరం నైలాన్ తాడును ఒక్క కొరుకుతో తెంపేస్తుంది. మాస్టారి దగ్గర ఇవన్నీ పద్ధతిగా డబ్బాలో ఉన్నాయి. అన్న దగ్గర చెక్క ముక్కకు చుట్టిన లావు తాడు, దాని కొసకు గాలం, ఒక తెల్ల ప్లాస్టిక్ సంచి పీలిక. రెండూ నీళ్లలోకి దిగాయి. నేను, బావ ఏ పక్కకు మొగ్గాలో తేల్చుకోలేదు.

ముందు తగిలింది ప్లాస్టిక్ పీలికకే. అన్న చేతికి తాడు బిగుసుకుంది, రెండు గుంజులకు పైకొచ్చింది. చెయ్యంత సూర, అంటే ట్యూనా రకం చేప. మాస్టారు ఏమీ అనలేదు. చాలాసేపటికి ఆయన రీలు ఒక్కసారిగా కీచుమని కూసింది. తాడు ఎంత వేగంగా పోతోందంటే మాస్టారు రాడ్డును కడుపుకు ఆనించుకుని వెనక్కి వాలిపోయాడు. "తగ్గించన్నా, తగ్గించు!" అన్న ఇంజను పూర్తిగా ఆపలేదు. ఆపితే తాడు సడలి గాలం ఊడిపోతుందట. కాస్త ముందుకు పోనిస్తూనే ఉన్నాడు. చేప కుడివైపు పరుగెత్తింది, నిలబడింది, మళ్లీ పరుగెత్తింది. మాస్టారు చుట్టిన తాడంతా అది ఒక్క పరుగులో తీసుకుపోయేది. ఇట్లా చాలాసేపు. చేతులు వణుకుతుంటే బావ వెనకనుంచి నడుము పట్టుకున్నాడు. బోటు పక్కకు వచ్చినప్పుడు మొదటిసారి దాన్ని చూశాం. వెండి రంగు ఒళ్లు, పక్కల మీద సన్నటి నిలువు చారలు. మమ్మల్ని చూడగానే బోటు కిందికి దూరింది. అక్కడ ఇంజను రెక్కకు తగిలితే తాడు తెగినట్టే. అన్న చేత్తోనే ఇంజను పైకెత్తేసి, తాడు పట్టుకుని పక్కకు తప్పించి, ఇంకో చేత్తో కొక్కెం వేసి లోపలికి లాగాడు. అంతా ఒకే ఊపులో. వంజరం పలక మీద పడి కొట్టుకుంటుంటే కాళ్లు తియ్యమని అరిచాడు. ఆ నోటికి వేళ్లయినా ఒకటే, తాడైనా ఒకటే. తర్వాత ఒడ్డున తూకం వేస్తే నాలుగు కిలోల మీద కొంచెం మొగ్గింది. మాస్టారు దాని పక్కన కూర్చుని ఒక ఫొటో దిగాడు. ఆ ఫొటోలో చేప కంటే ఆయన ముఖమే చూడాలి.

ఆ తర్వాత పన్నెండు బారల లోతున్న రాళ్ల చోటుకు తీసుకుపోయాడు. బార అంటే ఆరడుగులు. అక్కడివాళ్లు మీటర్లలో చెప్పరు, గుండు కట్టిన తాడును రెండు చేతులా చాపి కొలుస్తారు. ఇక్కడ రొయ్య ముక్క గుచ్చి గాలం అడుగుదాకా దించాలి. నాకూ బావకూ ఈ పని వచ్చింది, ఎందుకంటే ఇందులో నేర్పు పెద్దగా అక్కర్లేదు. తాడు చూపుడువేలి మీద ఉంచుకుని టక్ టక్ అన్నప్పుడు లాగడమే. రెండు పార చేపలు, గొరకలు కొన్ని, మిగతావన్నీ జెల్లలు. జెల్లకు రెండు పక్కలా ఒక్కో ముల్లు, వీపు మీద ఒకటి ఉంటాయి, అంచులు రంపం మాదిరి. గుచ్చుకుంటే విషం, చెయ్యి వాచిపోతుంది. పిల్లోడు నా గాలానికి వచ్చిన జెల్లను నన్ను ముట్టనియ్యలేదు. కాలితో తొక్కిపట్టి కటింగ్ ప్లేయరుతో ముల్లు మూడూ టక్ టక్ టక్ మని విరిచి నా చేతికిచ్చాడు. అప్పుడే నిద్ర లేచిన తమ్ముడు, గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టాలని చెప్పి, బోటులో వేడినీళ్లు ఎక్కడున్నాయని ఎవరో అడిగేసరికి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

తొమ్మిది దాటి ఉంటుంది. గాలాలకు బాగా తగులుతున్నాయి. అన్న మాత్రం తాడు వదిలేసి దక్షిణం వైపు చూస్తున్నాడు. నాకు అక్కడ ఏమీ కనిపించలేదు. కాసేపు కళ్లు చికిలించి చూస్తే, దూరంగా నీళ్లు కొంచెం నల్లగా, గరుకుగా ఉన్నట్టు అనిపించింది. "చుట్టెయ్యండి" అన్నాడు. మాస్టారు ఇంకో పది నిమిషాలు అన్నాడు. ఆయన గాలానికి ఆ క్షణంలోనే ఏదో తగిలి ఉంది కూడా. అన్న వాదించలేదు. ఇంజను తాడు లాగాడు. పిల్లోడు అప్పటికే మా తాళ్లు చుడుతున్నాడు. మాస్టారి చేప సగం దోవలో ఊడిపోయింది.

డబ్బులిచ్చి వచ్చినవాళ్లం, చేపలు పడుతున్నాయి, ఎండ తప్ప ఇబ్బంది ఏమీ లేదు, అప్పుడు తిరిగిపోదాం అనడానికి చాలా నిబ్బరం కావాలి. ఆ రోజు అన్న చేసిన పనుల్లో నాకు పెద్దదిగా కనిపించింది అదే. వంజరాన్ని పైకి తియ్యడం ఆయనకు చేతి అలవాటు. ఏప్రిల్లో ఎండ ఎక్కేకొద్దీ దక్షిణపు గాలి లేస్తుంది. లోపల ఉన్నప్పుడు దానివల్ల బట్టలు తడుస్తాయి, అంతే. కానీ ఆ గాలి ఒడ్డు దగ్గర అలను పెంచుతుంది. "బోట్లు తిరగబడేది లోపల కాదు సార్, ఇంటి ముందరే" అన్నాడు.

పావుగంటలో ఆయన చూసింది మా మీదికి వచ్చింది. అలల తలల మీద తెల్ల నురగ. బోటు ఎగిరి పడినప్పుడల్లా నడుము అదిరింది. అందరం తడిసిపోయాం. ఒడ్డు దగ్గరికి వచ్చాక పొద్దున మాదిరే ఆగి, వెనక్కి చూస్తూ కూర్చున్నాం. కాకపోతే ఈసారి పగలు కాబట్టి వెనక వస్తున్నది ఎంత ఎత్తుందో కనిపిస్తోంది. పెద్దవి పోయేదాకా ఇంజను తిరుగుతూనే ఉంది, బోటు ఆ చోటునే నిలబడి ఉంది. తర్వాత ఒక అల వీపు మీద పడి, దానికంటే ముందుకు పోకుండా, వెనకదానికి దొరక్కుండా ఫుల్ స్పీడులో ఇసుకలోకి. అన్న చివరి నిమిషంలో ఇంజను పైకెత్తాడు. బోటు ఇసుకను గీరుకుంటూ ఆగింది. మా కంటే అర్ధగంట వెనక వచ్చిన బోటు ఒకటి అడ్డం తిరిగి నీళ్లు నింపుకుంది. మనుషులకు ఏమీ కాలేదు, బుట్టలు మాత్రం కొట్టుకుపోయాయి.

ఒడ్డున బేసిన్లతో ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. కానాగంతలు అక్కడికక్కడే వేలం. ఒకామె ఒక్క చూపుతో బుట్ట ఎంతుంటుందో చెప్పేసింది, తర్వాత తూకం చూస్తే పెద్దగా తేడా లేదు. వచ్చిన డబ్బులో ముందు నూనె ఖర్చు తీసి, మిగిలినదాంట్లో బోటుకూ వలకూ ఒక పాలు, మనుషులకు తలా ఒక పాలు. మేమిచ్చిన డబ్బు లేకపోతే ఆ పొద్దు నూనె ఖర్చు పోను ఇద్దరికీ మిగిలేది కూలి కంటే తక్కువే. సీజన్ చివర అంటే ఇదే అని ఆయన ఫోన్లో చెప్పింది అప్పుడు లెక్కలో కనిపించింది. వంజరం, పారలు మాకిచ్చాడు. గొరకలు వాళ్లింటికి పోయాయి.

అన్న ఇంట్లో వదిన ఆ గొరకలనే పులుసు పెట్టింది. ఏప్రిల్ కాబట్టి మామిడికాయ ముక్కలు పడ్డాయి. అన్నం వేడివేడిగా ఉంది. మేమెవరం తినేటప్పుడు మాట్లాడలేదు. పొద్దున్నుంచీ పచ్చి నీళ్లు కూడా నిలవని తమ్ముడు మూడోసారి అడిగి వేయించుకున్నాడు.

వేట నిషేధం ఉండే ఆ రెండు నెలలు ఏం చేస్తారని బావ అడిగాడు. వల బాగుచేసుకోవడం, ఇంజను విప్పించుకోవడం, బోటుకు పగుళ్లుంటే ఫైబర్ పూయడం. నిషేధం రోజులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు 2025 నుంచి ఇరవై వేలు, అంతకు ముందు పది వేలు ఉండేది. బోటు ఒడ్డున ఉందో లేదో, పేరున్న మనిషి ఊళ్లో ఉన్నాడో లేదో వచ్చి చూసి రాసుకుంటారు. అది ఒక నెలకు సరిపోతుంది, రెండో నెలకు అప్పు అన్నాడు.

ఐసు పెట్టె కారులో పెట్టాక మాస్టారు మళ్లీ ఎప్పుడు రమ్మంటావన్నా, జూన్ 15 తెల్లారి వచ్చేదా అని అడిగాడు. అన్న వెంటనే తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు మీతో నాకు పని లేదు సార్. నిషేధం తీసిన కొత్తలో చేప ఉంటాది, బోటులో బుట్టలకే చోటు చాలదు. సంక్రాంతి పోయినాక ఫోన్ చేయండి." కొంచెం ఆగి, "ఆ మందుల షాపాయన్ని తీసుకురావద్దు" అన్నాడు.